కూర్మారావు అంకుల్ పాట, నా అయిదో తీగ

ఒక కేంద్ర ప్రభుత్వ ఉన్నతాధికారిని, చేతిలో సమోసా ప్లేటుతో సహా, బల్ల కిందికి పంపించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు అతను రాసింది చదువుతున్నారు. ఆ పని కోపంతోనో, రాజకీయంతోనో చేయలేదు. ఒక జోలపాటతో చేశాను. ఎలాగంటారా, అదే చెప్పబోతున్నాను. మధ్యలో నవ్వొస్తే నవ్వేయండి, నాకు అలవాటే.

రెండువేల దశకం సగంలో ఉన్న రోజులవి. ఢిల్లీ సాకేత్‌లో ఉద్యోగం, దగ్గర్లోని కటవారియా సరాయ్‌లో అద్దె గది. చుట్టూ ఉన్న గదులన్నిటిలోనూ పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు. గోడలు అప్పడాల మందం. అలాంటి చోట నేను బేస్ గిటారు వాయించేవాణ్ణి. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: బేస్ అంటే మామూలు గిటారుకు లావుపాటి అన్నయ్య. తీగలు బావితాళ్లలా ఉంటాయి, గొంతు కిందెక్కడో గొణుగుతుంది. పాటలో అది ఉందని ఎవరూ గమనించరు. ఆఫీసు మిత్రులతో కలిసి ఎక్కడ వాయించినా, దిగి వచ్చాక గాయకుడి చేయి పట్టుకుని ఊపేవాళ్లు, డ్రమ్ముల వాడి వీపు తట్టేవాళ్లు, నన్ను మాత్రం "భయ్యా, పార్కింగ్ కిధర్ హై?" అని అడిగేవాళ్లు.

ఆ బాధకు మందు చేతివేళ్లలో ఉంటుందని పెద్దవాళ్లు చెప్పారు. దుకాణంలో ఉంటుందని నాకనిపించింది.

పాత ఢిల్లీలో వాయిద్యాలు అమ్మే సర్దార్‌జీ నన్ను చూడగానే రోగం కనిపెట్టాడు. "చార్ తార్ మే క్యా రఖా హై, భాయ్‌సాబ్? పాంచ్ లీజియే. యే పాంచ్‌వా తార్ దిల్ హిలా దేతా హై," అన్నాడు. నాలుగు తీగల్లో ఏముందట, అయిదోది గుండెను కదిలిస్తుందట! ఇంకా ఏమేం కదిలిస్తుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అయిదు తీగల బేస్ భుజాన వేసుకుని వచ్చాను. తర్వాత కాలితో నొక్కే పెడల్ ఒకటి కొన్నాను. నొక్కితే మనం వాయించిన స్వరానికి కింద, ఇంకా లోతుగా మరో స్వరం పలుకుతుంది. అంటే అసలే పాతాళంలో ఉన్నవాణ్ణి ఇంకో అంతస్తు కిందికి దిగాను.

ఆ వారంలోనే పక్కగదిలో చదువుకునే శుక్లా తలుపు కొట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గిటారు వినపడుతోందా? సారీ, భాయ్," అన్నాను.

"సునాయీ కుఛ్ నహీ దేతా, యార్," అన్నాడు దీనంగా. "బస్, ఖాట్ హిల్తీ హై."

వినపడటం లేదు, మంచం కదులుతోంది. బుద్ధి ఉన్నవాడికి ఆ ఒక్క వాక్యం చాలు. నేను మాత్రం ఆంప్లిఫయర్‌ను మంచం కిందికి తోసేసి, గిటారును నేరుగా కంప్యూటర్లోకి పంపే రికార్డింగ్ డబ్బా ఒకటి కొన్నాను. మైకు కొన్నాను. మైకు ముందు పెట్టడానికి ఎంబ్రాయిడరీ చట్రానికి పలచటి మేజోడు బిగించి జల్లెడ తయారుచేశాను. ఇంట్లోనే స్టూడియో వెలిసింది. కొననిది ఒక్కటే, మంచి స్పీకర్లు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన అరచేయంత స్పీకర్లు ఉన్నాయి కదా, అవి చాలనుకున్నాను.

ఇక్కడ కూర్మారావు అంకుల్ గురించి చెప్పాలి. మా నాన్నగారి చిన్ననాటి స్నేహితుడు, శ్రీకాకుళం మనిషి, ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఆదివారం ఆదివారం నేను వాళ్ల ప్రభుత్వ క్వార్టరుకు భోజనానికి వెళ్లేవాణ్ణి. సుభద్ర ఆంటీ వడ్డిస్తుంటే అంకుల్ ఫైళ్ల కబుర్లు చెప్పేవారు. వాళ్లమ్మాయి శ్వేత కాలేజీలో చదివేది. అమ్మానాన్నలు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. ఆ ఇంట్లో అదొక ఒప్పందంలా సాగిపోయేది.

ఆ వేసవిలో ఒక ఆదివారం అంకుల్ నన్ను బాల్కనీలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేశారు.

"గోపీ, నీ దగ్గర రికార్డు చేసే సామానుందట గదా?"

"ఉందండీ. ఎవరికి?"

"నాకేనోయ్. ఒక పాట." అటూ ఇటూ చూశారు. "శ్వేత పసిపిల్లప్పుడు చలికాలంలో నిద్రపోయేది కాదు. అప్పుడు కట్టుకున్నాను. ఈ నెలాఖరుకి నా రిటైర్మెంటు. పార్టీలో వినిపించాలని ఉంది."

"మీరే నిలబడి పాడేయొచ్చు కదా, అంకుల్?"

ఆయన తల అడ్డంగా ఊపారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు వేడుకలో పాడబోయి, మొదటి చరణంలోనే గొంతు పట్టేసి, అందరి ముందూ అలా నిలబడిపోయారట. ఎవరో చప్పట్లు కొట్టారట, జాలిపడి. "ఆ చప్పట్లు ఇప్పటికీ వినపడతాయయ్యా," అన్నారు. "అందుకే సీడీ. అది పాడుతుంది, నేను పక్కన నిలబడతాను. ఇన్నేళ్లూ వాళ్లు నన్ను ఫైళ్ల కూర్మారావుగానే చూశారు. పోయేముందు ఒక్కసారి ఇదీ విననీ."

ఇంత నమ్మకంగా తన గొంతును మరొకరి చేతిలో పెట్టిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ బరువు నాకు అప్పుడు తెలిసిందా? లేదు. నాకు తోచింది ఒక్కటే: ఆహా, బేస్ వాయించడానికి ఒక పాట దొరికింది!

మే నెల మధ్యాహ్నం ఆయన మా గదికి వచ్చారు. చప్పుడు రాకూడదని ఫ్యాను ఆపేశాను. వీధి గోల రాకూడదని కిటికీకి పరుపు, తలుపుకు చలికాలం కప్పుకునే రజాయి కట్టాను. ఢిల్లీ మేలో రజాయిల మధ్య ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి జోలపాట పాడించడం ఏ చట్టం కింద నేరమో తెలియదు గానీ, ఆయన బనీనులో చెమటలు కక్కుతూ, కళ్లు మూసుకుని పాడారు.

*మంచు దుప్పటి కప్పుకుంది వీధంతా,
అంచు నే పట్టుకుంటాలే, పడుకో అమ్మా.*

పెద్ద గొంతు కాదు. కొంచెం జీర కూడా ఉంది. కానీ ఎవరినో నిద్ర లేపకూడదన్నంత జాగ్రత్తగా పాడారు. ఆయన వెళ్లిపోయాక నేను గిటారు తీశాను.

పాట కింద అయిదో తీగ మీద వాయించాను. పెడల్ నొక్కి ఇంకా కిందికి దింపాను. వెనక్కి తిప్పి వింటే గొంతు చక్కగా ఉంది, బేస్ వినపడలేదు. పెంచాను. ఊహూఁ. ఇంకా పెంచాను. లేదు! నా జన్మంతా ఇంతేనా అని కసి పుట్టి, మీట పై అంచుకు తగిలేదాకా తోశాను. అప్పుడు లీలగా గొణిగింది. అరచేయంత స్పీకర్లకు అంత లోతు స్వరం పలికే శక్తే ఉండదనీ, అది సీడీలో భద్రంగా, ఏనుగంత ఒళ్లుతో కూర్చునే ఉందనీ నాకేం తెలుసు? సంతృప్తిగా సీడీ చేసి, పైన అంకుల్ పేరు అందంగా రాశాను.

పార్టీ వాళ్ల కాలనీ సామాజిక భవనంలో జరిగింది. పాత కట్టడం, పొడుగు కిటికీలకు వదులు అద్దాలు. పాటలకు పెట్టినవాడు పెళ్లిళ్లలో భాంగ్రా వేసే డీజే. వాడి స్పీకర్లు బీరువాల్లా ఉన్నాయి, ఒక్కో మూలా ఒక్కోటి. నాకు ఒళ్లు పులకరించింది. ఇవాళ ఢిల్లీ నన్ను వింటుంది!

అంకుల్ కొత్త సఫారీ సూట్‌లో నిలబడ్డారు. ఆయన పై అధికారి, జాయింట్ సెక్రటరీ గారు, ఇంగ్లీషులో పొగిడి కూర్చుని సమోసా అందుకున్నారు. ఆంటీ నాకేసి చూసి తల ఊపారు. డీజే సీడీ పెట్టాడు.

మొదట ఏమీ వినపడలేదు. తర్వాత అరికాళ్లలో ఏదో పాకింది. తర్వాత కిటికీ అద్దాలన్నీ ఒక్కసారిగా పళ్లు కొరికాయి. ట్రేలోని గ్లాసులు ఒకదాన్నొకటి తోసుకుంటూ బల్ల చివరికి బయలుదేరాయి. పైన ఫ్యాను తల ఊపింది. గోడ మీది జాతీయ నాయకులు వాలి నిలబడ్డారు. కొన్ని నెలల కిందటే ఊరు నిజంగా ఊగి ఉంది, జనానికి ఆ భయం ఇంకా పచ్చిగా ఉంది.

"భూకంప్!" అని ఎవరో అరిచారు.

"భాగో! బాహర్! బాహర్!"

కుర్చీలు పడ్డాయి, చెప్పులు మిగిలాయి, జనం మైదానంలోకి పారిపోయారు. భూకంపం వస్తే బల్ల కింద దూరాలని అందరికీ కాగితాలు పంచింది జాయింట్ సెక్రటరీ గారి విభాగమే. పాటించినది మాత్రం ఆయనొక్కరే.

నేనేం చేశానంటే, ఇది చెప్పడానికి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, కళ్లు మూసుకుని ఆనందిస్తున్నాను. జనం పరుగెత్తుతున్న చప్పుడును ఆదరణ అనుకున్నాను. కళ్లు తెరిచేసరికి హాలులో మిగిలింది నేను, చెవులు మూసుకున్న డీజే, బల్ల కింద జాయింట్ సెక్రటరీ గారు, స్పీకరుకు చెవి ఆనించి నిలబడిన కూర్మారావు అంకుల్.

ఆయన నా వైపు తిరిగారు. కోపం లేదు ఆ ముఖంలో. తప్పిపోయిన వస్తువు కోసం వెతుకుతున్నట్టుంది.

"గోపీ, ఇందులో నా గొంతేదయ్యా?"

వెళ్లి సీడీ ఆపాను. అద్దాలు ఆగాయి. గ్లాసులు ఆగాయి. బల్ల కిందినుంచి "ఈజ్ ఇట్ ఓవర్?" అని వినపడింది. అప్పుడు తెలిసింది నాకు, శుక్లా మంచం నాకేం చెప్పాలని చూసిందో.

మైదానంలోకి వెళ్లి గట్టిగా చెప్పాను. "సునియే, భూకంప్ నహీ థా. వో... మై థా."

భూకంపం నేనే అని ఒప్పుకున్న మనిషిని జనం ఎలా చూస్తారో మీరు ఊహించుకోండి. మొదట నవ్వింది సుభద్ర ఆంటీ. "అయ్యో నాయనా, పిల్లను పడుకోబెట్టమంటే కాలనీని లేపేశావా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత అందరూ నవ్వారు. అంకుల్ మాత్రం మెట్ల మీదే నిలబడ్డారు, ఖాళీ చేతులతో.

శ్వేత ఆయన దగ్గరికి వెళ్లింది. "పాపా, సీడీ మే జో థా, ఆప్ హీ గా దో నా," అంది. సీడీలో ఉన్నది మీరే పాడండని.

"నా వల్ల కాదమ్మా."

"మేరే లియే," అంది. నా కోసం అని.

ఆయన గొంతు సవరించుకున్నారు. నోరు తెరిచారు. రాలేదు. చప్పట్లు కొట్టకండిరా దేవుడా, జాలిపడి ఎవరూ చప్పట్లు కొట్టకండి అని మనసులో దండం పెట్టుకున్నాను. ఎవరూ కొట్టలేదు. అప్పుడు ఆంటీ, వంటింట్లో ఏదో గుర్తుచేసినంత మామూలుగా, "మంచు దుప్పటి..." అన్నారు.

"...కప్పుకుంది వీధంతా," అని ఆయన అందుకున్నారు.

ఎండ వాలుతున్న ఆ మైదానంలో, మైకు లేకుండా, పెడల్ లేకుండా, ఒక మనిషి తన కూతురికి జోల పాడారు. తెలుగు రానివాళ్లు కూడా కదల్లేదు. పాట అయ్యాక శ్వేత అర్థం అడిగింది: "పాపా, 'అంచు' మత్లబ్?"

అన్నేళ్లూ విన్నది, ఎప్పుడూ అడగలేదు. అంకుల్ ఆమె చున్నీ కొసను రెండు వేళ్లతో పట్టుకుని చూపించారు. "ఇదే, అమ్మా."

ఆమె తల తిప్పుకుంది. అప్పటికి బయటికొచ్చిన జాయింట్ సెక్రటరీ గారు కళ్లజోడు తుడుచుకున్నారు, దుమ్ము అన్నారు. బల్ల కింద దుమ్ము ఉండే మాట నిజమే.

వారం తర్వాత, సిగ్గుతో చచ్చిపోతూ, బేస్ మొత్తం తీసేసి కొత్త సీడీ పట్టుకెళ్లాను. అంకుల్ ఆసాంతం విన్నారు. బుగ్గ గోక్కున్నారు.

"బావుంది గానీ, కింద ఏదో ఖాళీగా ఉందోయ్. నీది లేదు గదా ఇందులో?"

నా జీవితంలో బేస్ లేని లోటు గమనించిన మొదటి శ్రోత ఆయనే.

"పెడతానండీ. ఎంత పెట్టమంటారు?"

"భూమి కదలనంత."

అందువల్ల ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్ వాసులందరి సమక్షంలో, అయిదు తీగల మీదా చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఒకరి గొంతు నా చేతిలో పెడితే, ముందు ఆ గొంతు వింటాను. నా చెవికి ఆననంత మాత్రాన నన్ను నేను పెంచుకోను. పోతే, ఆ తర్వాత రాజధానిలో వచ్చిన ప్రకంపనలన్నీ ప్రకృతి సిద్ధమైనవే. వాటితో నాకు ఎలాంటి సంబంధమూ లేదు.