మచ్చ కోసం తడిపిన డాబా

నాకు ముక్కు మీద కోపం. మా ఇంట్లో పగిలిన వస్తువుల్లో సగం నా చేతుల్లోనే పగిలాయి. ఊళ్లో ఒక కలర్ ల్యాబులో అతను నా రీలు కడిగి, ఏమీ పడలేదండి, అన్నీ నల్ల బొట్లే అని ప్రింట్లు వేయకుండా చేతికిస్తే కౌంటరు మీదుగా కాలరు పట్టుకున్నాను. ఆ నల్ల బొట్టే సూర్యుడు. నెగెటివ్‌లో నల్లగా ఉంటాడు. అందులో ఆవగింజంత తెల్లగా కనిపించేదే నేను నాలుగు రోజులు ఎండలో మాడి పట్టుకున్న సూర్యుడి మచ్చ. అదంతా విడమరచి చెప్పే ఓపిక నాకెప్పుడూ లేదు. నోటికన్నా ముందు చెయ్యి లేచేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. సూర్యుడి మీద మచ్చలు విరగబడి పుడుతున్న రోజులవి. నేను థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేసేవాణ్ణి. గుణదలలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. పైన డాబా. ఎదురు ఫ్లాటులో అరవయ్యేళ్ల పెద్దమనిషి, ఆటోనగర్‌లో లేతు మిషన్ షెడ్డు నడిపేవాడు. అందరం భాయ్ అనేవాళ్లం. నా టెలిస్కోపుకు కెమెరా తగిలించే అల్యూమినియం రింగు ఆయనే చేసిచ్చాడు. ఫిల్టరు బిగించి మచ్చ చూపిస్తే చాలాసేపు చూసి, కరిగిన ఇనుము మీద తేలే చిట్టెంలా ఉందన్నాడు.

మచ్చను ఫొటో తీయడం కష్టం కాదు. నల్లటి గుంట చుట్టూ వెంట్రుకల్లాంటి సన్నటి పోగులుంటాయి, వాటిని విడివిడిగా తీయడం కష్టం. కాలిన శ్లాబు మీంచి వేడి గాలి లేస్తుంటే సూర్యుడి బొమ్మ అంతా వణికిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బెజవాడలో రోళ్లేం ఖర్మ, మనుషులే పగులుతారు. పొద్దున ఏడింటికే అరికాళ్లు చురుక్కుమనేవి. అందుకని శ్లాబును తడపడం మొదలుపెట్టాను. పద్నాలుగు బకెట్లు పోస్తే ఒక పావుగంట గాలి నిలిచేది.

ఆ నీళ్లు డాబా మీది ట్యాంకులోవి. ఆ వేసవిలో బోరు ఎండిపోయింది, మున్సిపాలిటీ నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. తొమ్మిదింటికల్లా ట్యాంకు ఖాళీ అవుతుంటే అందరూ లీకేజీ అనుకున్నారు. ప్లంబర్ను పిలిచి పైపులు కూడా మార్పించారు. నేను నోరు మెదపలేదు. మా ఆవిడకు మాత్రం తెలుసు. రెండుసార్లు బతిమాలింది, ఒకరోజు బకెట్టు దాచేసింది. ఆ రోజు వంటింట్లో గిన్నెలన్నీ గోడకేసి కొట్టాను.

ఆ వారం వచ్చిన మచ్చ చాలా పెద్దది. దాని నల్లటి గుంటను అడ్డంగా కోస్తూ ఒక వెలుగు గీత పుట్టింది. అలాంటిది కళ్లారా చూడటం నాకదే మొదలు. సూర్యుడు తిరుగుతాడు, ఇంకో రెండు రోజుల్లో మచ్చ అంచుకు పోతుంది, ఇక దొరకదు. అప్పటికి ఆరు రోజులుగా తీస్తున్నా ఒక్కటీ తేటగా రాలేదు. నిద్ర లేదు, తిండి సయించలేదు. ఆ గీత నాకు కావాలి, అంతే.

ఏడో రోజు పొద్దున మూడు ఇనప బకెట్లు నింపి పెట్టుకుని శ్లాబు సగం తడిపాను. భాయ్ పైకొచ్చాడు. తడిసిన శ్లాబు చూశాడు, బకెట్లు చూశాడు, ట్యాంకు మూత వేసి దాని మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"మా ఇంట్లో పచ్చి బాలింత ఉందయ్యా. బిడ్డకి నీళ్లు పోద్దామంటే చుక్క లేదు. నువ్విక్కడ బండకి స్నానం చేయిస్తన్నావా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ అరిచి ఊరుకునేవాణ్ణేమో. చెయ్యి తీయమన్నాను, తీయలేదు. లాగాను, కదల్లేదు. పిడికిలితో మూతి మీద గుద్దాను. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. ఆయన నా ఛాతీ మీద ఒక్క తోపు తోస్తే వెళ్లి పిట్టగోడకు కొట్టుకున్నాను. అప్పుడు ఖాళీ బకెట్టొకటి ఎత్తాను. రెండు చేతులా విసురుగా తిప్పాను. మా ఆవిడ ఎప్పుడు మెట్లెక్కి వచ్చిందో చూడలేదు. ఆయన్ని వెనక్కి నెట్టబోయి తనే ముందుకొచ్చింది. బకెట్టు అంచు ఆమె చెవి పైన తగిలింది.

పడుతూ పడుతూ మిగతా రెండు బకెట్లనూ పడేసింది. నీళ్లు డాబా అంతా పరుచుకున్నాయి, ఆమె తల దగ్గర ఎర్రగా. భాయ్ మోకాళ్ల మీద కూర్చుని తన భుజం మీది తువ్వాలుతో కట్టు కట్టాడు. అమ్మాయిని పట్టుకో, ఆటో పిలుద్దాం అన్నాడు.

ఒక్క నిమిషం అన్నాను.

టెలిస్కోపు గజం దూరంలో ఉంది. ఒక్కసారి చూద్దామనే వంగాను. గాలి నిలిచిపోయింది. వణుకు లేదు. పోగులన్నీ దువ్వినట్టు విడివిడిగా ఉన్నాయి, వెలుగు గీత ఈ కొస నుంచి ఆ కొసదాకా తెగకుండా ఉంది. నా చేతులు కూడా వణకలేదు, అది చెప్పడానికి ఈరోజుకీ సిగ్గేస్తుంది. నొక్కాను. రీలు తిప్పి మళ్లీ నొక్కాను. వెనక భాయ్ ఆమెను లేపి, భుజం ఆసరా ఇచ్చి మెట్లు దింపుతున్నాడని తెలుస్తూనే ఉంది. రీలు అయిపోయేదాకా నొక్కాను.

వాటిలో ఒకటి ఇప్పటికీ నేను తీసిన వాటన్నిటిలోకీ మంచిది. చూసినవాళ్లు ఆ రోజు వాతావరణం ఎలా ఉందని అడుగుతారు. బాగుందని చెబుతాను.

ఆసుపత్రికి నేను వెళ్లేసరికి కుట్లు వేయడం అయిపోయింది. భాయ్ బయట బల్ల మీద వాచిన పెదవితో కూర్చున్నాడు. డాబా మీద జారిపడిందని డాక్టరుకు ఆయనే చెప్పాడట. నా వైపు చూడకుండా లేచి వెళ్లిపోయాడు. లోపల ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన కూర్చున్నాను.

"ఎన్ని తీశారు?" అంది.

పదకొండని చెప్పాను.

"మెట్ల మలుపు దాకా కెమెరా చప్పుడు వినపడిందండీ. నేను నాలుగే లెక్కపెట్టాను."