శాలువా మడతలో వాగు

పది రోజుల కింద మా తమ్ముడి ఆఫీసు నుంచి ఒక అబ్బాయి మోటారు సైకిల్ మీద వచ్చి, వరండాలో కూర్చొని ల్యాప్‌టాప్ తెరిచాడు. తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు, శాసనసభ్యుడు. ఏ నియోజకవర్గమో చెప్పను, చెబితే మరదలు నాతో మాట్లాడదు. మా ఇళ్లు మాత్రం బాన్సువాడలో రెండు వీధుల దూరంలోనే ఉన్నాయి. “మేడం, సార్ గురించి ఒక పేజీ గావాలె. నెట్ల పెడ్తం. రెండే హెడ్డింగులు. ఒకటి సార్ నేపథ్యం, ఇంకోటి సార్ ప్రాధాన్యతలు. పాతదున్నది, జెర మంచిగ జేసియ్యిండ్రి” అన్నాడు. తెలుగు పంతులమ్మగా బతికిన పాపానికి మా వంశంలో పెళ్లి పత్రికలూ, దశదిన కర్మ కార్డులూ, ఎన్నికల కరపత్రాలూ అన్నీ నా నెత్తినే పడతాయి. సరే అని టీ ఇచ్చి పంపించాను. తీరా వాడు వదిలి వెళ్లిన పాత పేజీ చదివాక ఒళ్లు మండింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

అందులో మొదటి వాక్యమే “ఉప్పొంగే వాగును ఈది బడికి వెళ్లిన రైతుబిడ్డ” అని ఉంది. రైతుబిడ్డ అన్నది నిజమే. ఈదడం శుద్ధ అబద్ధం. మా వాడికి ఈత రాదు. ఇప్పటికీ నిజాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు అందరూ ఫొటోలు దిగుతుంటే తాను కారు పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటాడు. మా ఊరికీ బడికీ మధ్య వాగు ఉన్న మాట వాస్తవమే. వానాకాలంలో మమ్మల్ని దాటించినవాడు పక్క తండాలో మేకలు మేపుకునే పెద్దాయన. తమ్ముణ్ణి భుజాల మీద ఎక్కించుకొని, నా రెక్క పట్టుకొని, కర్రతో లోతు చూసుకుంటూ మొలలోతు నీళ్లలో నడిచేవాడు. మా వాడు ఆయన జుట్టు రెండు చేతులా గుంజి పట్టుకొని, అవతలి ఒడ్డు వచ్చేదాకా కళ్లు తెరిచేవాడు కాదు. దించగానే మాత్రం “నేనే దాటిన” అని కనబడిన వాళ్లందరికీ చెప్పేవాడు. రాజకీయం వాడికి అప్పుడే అబ్బిందని నేనే గ్రహించలేదు. మా అమ్మ ఆ పెద్దాయనకు అప్పుడప్పుడూ జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చేది. అందులో సగం తిరిగి మాకే పెట్టేవాడు.

ఆయన కోడలే తర్వాత అదే బడిలో మధ్యాహ్న భోజనం వండే వంటమ్మ అయింది, నేను అదే బడిలో పంతులమ్మనయ్యాను. మా ఊరికి కాలక్రమంలో వేరే దారిన రోడ్డు పడింది, తండాకు మాత్రం ఈనాటికీ వాగే దిక్కు. వాగు వచ్చిన రోజున వంటమ్మ రాదు, తండా పిల్లలూ రారు. అప్పుడు నేనూ హెడ్మాస్టరూ కలిసి కిచిడీ వండేవాళ్లం. పిల్లలు అది తిని మర్నాడు వాగు ఎప్పుడు తగ్గుతుందని దిగులుగా అడిగేవారు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, హాజరు పట్టీలో తండా పిల్లల పేర్ల ఎదుట మాత్రం వరుసగా గైర్హాజరే పడేది.

తమ్ముడు మొదటిసారి నిలబడ్డప్పుడు కరపత్రం రాయించుకోవడానికి నా దగ్గరికే వచ్చాడు. “ఏం జేస్తనని రాయాలె అక్కా?” అని నన్నే అడిగాడు. వాగు మీద వంతెన అన్నాను. “అదే ముందుగాల రాయి. ఆ ముసలాయన భుజాలు నేను మరుస్తనా?” అన్నాడు. అన్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నటన కాదని ఇప్పటికీ ఒట్టు పెడతాను. గెలిచాడు. రెండోసారి కరపత్రంలో వంతెన మొదటే రాసి ఇచ్చాను. అచ్చయి వచ్చేసరికి అది సీసీ రోడ్లకూ, కల్యాణ మండపానికీ, పెద్ద లైట్ల స్తంభాలకూ కింద ఉంది. మూడోసారి “గ్రామీణ మౌలిక వసతుల అభివృద్ధి” అయింది. అందులో వంతెన ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అంటారు. మా వాడు తగలేయనైనా లేదు, తెప్ప అనేది ఒకటుందన్న సంగతే మరిచిపోయాడు.

పెళ్లిళ్లలో కనబడినప్పుడల్లా అడిగేదాన్ని. “నోటి మాటతోని కాదక్కా. వాళ్లను కాయితం ఇయ్యమను. కాయితం ఉంటెనే ఫైలు కదుల్తది” అనేవాడు. సరే, అర్జీ నేనే రాసి ఇచ్చాను. తండావాళ్లు పోయి చేతికిచ్చారు. తమ్ముడు దాన్ని వెనకనున్న మనిషికిచ్చాడు, ఆ మనిషి కట్టలో పెట్టాడు, అంతే సంగతులు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. నాయకుడి దగ్గరికి ఉత్త చేతులతో పోవడం మా దగ్గర మర్యాద కాదు కదా, తండావాళ్లు ఎలాగూ శాలువా కప్పుతారు. కాగితాన్ని ఆ శాలువా మడతలో పెట్టండి, ఇంటికి పోయి విప్పినప్పుడు స్వయంగా ఆయన చేతిలోనే పడుతుంది అన్నాను. “గిది మంచి ముచ్చట చెప్పినవ్ టీచరమ్మా” అని వంటమ్మ పొంగిపోయింది. ఆనాటి నుంచి ప్రతి ఏడూ నేను రాయడం, వాళ్లు మడతలో పెట్టడం.

పోయిన ఎండాకాలం వంటమ్మ ఒంటరిగా వచ్చింది. ఆమె మనుమరాలు తండా బడిలో అయిదు పూర్తి చేసి, కిందటేడు వాగు దాటి మా బడిలో ఆరో తరగతిలో చేరింది. బాగా చదివే పిల్ల. కిందటి వానాకాలంలో సగం రోజులు రాలేకపోయింది. “ఈయేడు గూడ గట్లయితె బడి బంద్ జేపిస్తనని దాని నాయిన అంటున్నడక్కా. ఇగ జెర గట్టిగ రాయి” అంది. గట్టిగానే రాశాను. ఆ పిల్ల పేరు కూడా రాశాను.

అబ్బాయి వదిలి వెళ్లిన ఆ పాత పేజీ పట్టుకొని నేరుగా తమ్ముడింటికి పోయాను. వాడు ఏదో ప్రారంభోత్సవానికి పోయాడు. కూర్చోమని చెప్పి మరదలు లోపలి బీరువా తెరిచింది. పై అర నుంచి కింది అర దాకా శాలువాలే. “ఇంట్ల జాగ లేదు వదినె. ఎన్ని గావాల్నో తీస్కపోండ్రి. కప్పిన శాలువ మా సార్ భుజం మీద ఫొటో అయ్యేదాంక గూడ ఉండది, ఎన్కనున్నోళ్లు తీసి మడతపెట్టి కార్ల ఏస్తరు. ఆయన ఒక్కదాన్ని గూడ ఇప్పి సూడలే” అంది. లేచి బీరువా దగ్గరికి పోయాను. ఒక్కొక్కటే దులపడం మొదలుపెట్టాను. ఎర్రదానిలోంచి ఒకటి, ఆకుపచ్చదానిలోంచి ఒకటి. మొత్తం నాలుగు కాగితాలు రాలాయి. నాలుగూ నా చేతిరాతే. నాలుగోదానిలో ఆ పిల్ల పేరు. నా బుద్ధి గడ్డి తిని ఇచ్చిన సలహా అది. ఇంత చదువుకొని, కప్పిన శాలువా ఎక్కడికి పోతుందో ఒక్కసారైనా అడిగి తెలుసుకోలేదు.

అంతలో తమ్ముడు వచ్చాడు. కాగితాలు చేతిలో పెట్టాను. నిలబడే చదివాడు. మొహం చిన్నబోయింది. “నాకు ఒక్క ఫోన్ జేస్తె అయిపోతుండె గదక్కా” అన్నాడు.

“కాయితం ఉంటెనే కదుల్తదని ఎవరన్నరు?” అన్నాను.

వాడు కాగితాలు మళ్లీ మడతపెట్టాడు. “ఈసారి ఫస్టు అదే రాయి. పక్కా” అన్నాడు. మొదటిసారి కరపత్రం నాడు కూడా ఇదే గొంతు. నమ్మాలో వద్దో తెలియలేదు. అయినా ఇంటికి వచ్చి రాశాను. ఈదిన మాట కొట్టేసి, తండా పెద్దాయన భుజాల మీద దాటిన మాట రాశాను. ప్రాధాన్యాల్లో మొదట వంతెన పెట్టాను. మర్నాడు ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. “మేడం, వాగు ఆల్రెడీ నేపథ్యంల ఉన్నది గద. మల్ల ప్రాధాన్యతలల్ల గూడ వస్తె రిపీటయితది. తీసేసిన. ఈదిందే ఉంచినం, జనాలకు గదే మంచిగ తగుల్తది.” ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. పిల్లలు ఇంకా దాటుతున్న వాగు మా వాడికి గతం అయిపోయింది, అదీ గర్వంగా చెప్పుకునే గతం. తమ్ముడికి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నాడన్నారు. నాలుగు రోజులుగా మీటింగులోనే ఉన్నాడు.

నిన్న మధ్యాహ్నం బడికి పోయాను. వంటమ్మ గిన్నెలు తోముతోంది. కాగితాల సంగతంతా చెప్పాను, ఆ ఉపాయం నాది కాబట్టి తప్పూ నాదేనని చెప్పాను. ఆమె చేతులు తుడుచుకొని నా వంక చూసింది. “కాయితాలైతె తడవలే గదక్కా?” అని అడిగింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు. మనుమరాలు ఏదని అడిగాను.

“నాట్లకు పోయింది. మొన్న వాగొచ్చిన నాడే దాని నాయిన బడి సంచి తీసి అటుక మీద పెట్టిండు. ఇగ దానికోసమైతె రాయకక్కా. దాని చెల్లె నాలుగు సదువుతున్నది. రాస్తె దానికోసం రాయి.”

రాస్తానన్నాను. ఇంకేమనగలను? ఎన్నికలు మళ్లీ వస్తాయి, వానాకాలం ఏటా వస్తుంది, వాగు ఎక్కడికీ పోదు. ఆ పిల్లకు పన్నెండో ఏడు మాత్రం ఒక్కసారే వచ్చింది, వెళ్లిపోయింది.