జ్యోతి వంతు

ధర్మవరం పోస్టాఫీసులో రబ్బరు స్టాంపు టక్కున పడి సిరా వాసన ముక్కుకు తగిలిందంటే, నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. పక్కనున్నవాళ్లు "ఏమైందక్కా?" అంటారు. ఏం చెప్పను? కరుణమ్మ టీచరు గుర్తొచ్చిందంటే వాళ్లకేం తెలుస్తుంది!

తొంభైలలో పెనుకొండలో ఆమె మా పక్కింట్లో ఉండేది. కుట్టుపని నేర్పేది. డిసెంబరు వచ్చిందంటే వీధిలోని ఆడపిల్లలందరినీ, చర్చికి పోని అంగడివాళ్ల పిల్లనైన నన్ను కూడా, వసారాలో గుండ్రంగా కూర్చోబెట్టి క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ కార్డులు చేయించేది. అరిగిన హవాయి చెప్పుల్ని బ్లేడుతో చెక్కి స్టాంపులు తనే చేసేది. నక్షత్రం, పావురం, ద్రాక్షగుత్తి, ఏదైనా ఒక్కొక్కటే ఉండేది. అచ్చు వేసుకున్నవాళ్లు స్టాంపును గుడ్డతో తుడిచి పక్కవాళ్ల చేతికే అందించాలి. మట్టి అంటుతుందని నేల మీద పెట్టనిచ్చేది కాదు.

మొదటిరోజు ఖాళీ కనబడిందని చటుక్కున కూర్చోబోయాను. "ఆడ వద్దు పాపా, అది మా జ్యోతిది" అంది టీచరు. జ్యోతి ఆమె ఒక్కగానొక్క కూతురు. కామెర్లతో పోయి అప్పటికే చాలా కాలమైంది. ఆ చోట తెల్ల కార్డు ఒకటి పెట్టేది. స్టాంపు అక్కడికి రాగానే ఇవతలి పిల్ల దాన్ని ఆ కార్డు మీద గాల్లో కాసేపు పట్టుకోవాలి, ఆ తర్వాతే అవతలివాళ్లకు. అవతల నేను కూర్చున్నాను. ఇదేం చోద్యమమ్మా అని నవ్వొచ్చింది కూడా. నక్షత్రం నా చేతికొచ్చింది. ఎర్రగా, తడిగా ఉంది.

"ఏమే, తుడవలేదా?" అని ఆ పిల్లను కసురుకున్నాను.

"తుడిచినా కదక్కా! నువ్వే చూస్తాంటివి" అంది బిక్కమొహంతో. నిజమే, నా కళ్లముందే తుడిచింది.

టీచరు తల ఎత్తలేదు. "దాని వంతు అయిపాయ. ఇంక నువ్వు వెయ్యి" అంది.

"సచ్చినోళ్లకు కార్డులేంది? ఆడికి పోవద్దు" అని నాయన కేకలేశాడు. అయినా వెళ్లాను, ఏటేటా వెళ్లాను. ఎవరి వంతూ ఎగరగొట్టని మనిషిని నేను మళ్లీ చూడలేదు మరి.

పెళ్లై ధర్మవరం వచ్చాక, ఆమెకు బాగాలేదని తెలిసి చూడబోయాను. స్టాంపుల డబ్బా నా ఒళ్లో పెట్టి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నేను పోతానని దిగులు లేదు పాపా. నేను పోతే దానికి వంతు ఎవురిస్తారు? ఎవురూ పిలవకపోతే అది ఒక్కతే యాడ కూచుంటాది?"

"నేనిస్తాను టీచర్" అన్నాను.

డిసెంబరు వచ్చేసరికి ఆమె లేదు. ధర్మవరంలో మా వరండాలో వీధి పిల్లల్ని కూర్చోబెట్టాను. మధ్యాహ్నం ఎండ కళ్లు చెదిరేలా ఉంది. ఒకరికి సరిపడా చోటు వదిలి తెల్ల కార్డు పెట్టాను. పావురం స్టాంపు చేతులు మారుతూ అక్కడికొచ్చింది. ఇవతలి పిల్ల కాసేపు గాల్లో పట్టుకుని, చెయ్యి చాచింది. అవతలి పిల్ల అందుకోబోయింది. అందలేదు.

"అంత దూరం ఎందుకు జరిగినావే?"

"నేను జరగలేదక్కా, మొదట్నుంచీ ఈడే కూచోనుండా."

ఎవరూ కదల్లేదు. నేను చూస్తూనే ఉన్నాను. ఒకరికని వదిలిన చోటు, ఇద్దరు పక్కపక్కన కూర్చునేంత అయింది.

ఏడుపు ఆగలేదు. ఇంకో తెల్ల కార్డు తీసి మొదటిదాని పక్కన పెట్టాను. ఇప్పటికీ రెండు పెడతాను. పిల్లల్ని దగ్గరికి జరగమని మాత్రం అనను.