పడమటి పక్క గుడారాలు వద్దన్న మనిషి

దెయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో ముందుగా నవ్వేది నేనే. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఎవరికైనా ఏదో కనిపించిందంటే, ఎంత దూరంలో, ఎంత వెలుతురులో అని అడిగే రకం. ఇప్పుడు చెప్పబోయేది కూడా దెయ్యమని నేను అనడం లేదు. ఏమనాలో తెలియడం లేదు, అంతే.

మాది పాలకొల్లు. వేసవి సెలవుల్లో మా చర్చి పిల్లల్ని మూడు రోజులు క్యాంపుకి తీసుకెళ్తాం. ఆ ఏడాది చోటు చూసే పని నాకూ, నాతోపాటు సండేస్కూల్ నడిపే సుజాతకూ అప్పగించారు.

మొదట కడియం దగ్గర ఒక మామిడితోట చూశాం. నీడ బాగుంది గానీ, నర్సరీలకు వచ్చే లారీలు గేటు ముందే తిరుగుతున్నాయి. తర్వాత సముద్రం ఒడ్డున సరుగుడు తోట. అక్కడ తాగడానికి నీళ్లు లేవు. చివరికి గోదావరి మధ్య ఒక లంకలో కొబ్బరితోట ఉందని తెలిసింది. యజమాని సుబ్బరాజు గారికి ఫోన్ చేస్తే, వెళ్లి చూసుకోమన్నారు.

ఉదయం పది గంటలకు పడవ దిగాం. నేల చదునుగా ఉంది. తోట మధ్యలో మోటారు షెడ్డు, అందులో బోరు. పడమటి పక్క నీడ చిక్కగా ఉంది, నది మీది గాలి నేరుగా తగులుతోంది. ఆడపిల్లల గుడారాలు అక్కడే వేద్దామని మనసులో అనేసుకున్నాను. సుజాత టేపుతో నేల కొలుస్తుంటే, నేను షెడ్డు మెట్టు మీద కూర్చుని నోటుబుక్కులో పటం గీస్తున్నాను.

ఒక పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గళ్ల తువ్వాలు, మాసిన బనీను. తోటలో పనిచేసే మనిషి అనుకున్నాను. ఎంతమంది పిల్లలని అడిగాడు, చెప్పాను.

"అటు పడమటి పక్క వేయకండమ్మా. అక్కడ పాత బావి పూడ్చేశారు. పైకి కనపడదు. తూర్పు పక్క వేసుకోండి" అన్నాడు.

షెడ్డు నుంచి ఎన్ని అడుగులో కూడా చెప్పాడు. పటంలో గుర్తు పెట్టుకున్నాను. తలెత్తేసరికి లేడు. పనికి వెళ్లాడనుకున్నాను.

తిరిగి వస్తుంటే పడవలో, "ఆ పెద్దాయన పేరైనా అడగలేదు మనం" అన్నాను.

"ఏ పెద్దాయనండి, టీచర్ గారూ?" అంది సుజాత.

నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. పడవ నడిపే ఆయన కల్పించుకుని, "లంకలో ఇప్పుడెవరూ లేరండి. కాయ దింపుడుకే వస్తారు మనుషులు" అన్నాడు.

సుజాత తన ఫోన్ తీసింది. షెడ్డు ఎలా ఉందో చర్చిలో చూపించడానికి దూరం నుంచి ఒక ఫొటో తీసిందట. అందులో నేను మెట్టుకి ఒక చివర ఒదిగి కూర్చున్నాను. ఒళ్లో నోటుబుక్కు, తల పక్కకి తిప్పి ఏదో వింటున్నట్టు. మిగతా మెట్టంతా ఖాళీ.

ఎండ దెబ్బేమో అనుకున్నాను. కానీ ఆ రోజు ఇంట్లో ఇడ్లీలు తినే బయల్దేరాను, నీళ్లు తాగుతూనే ఉన్నాను, కూర్చున్నది నీడలో.

రెండు రోజులు ఆగి సుబ్బరాజు గారింటికి వెళ్లాం. పటం చూసి ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

"బావి సంగతి మీకెవరు చెప్పారండి?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. సుబ్బరాజు గారు ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నప్పుడు దూడ ఒకటి పడిపోయిందని వాళ్ల నాన్నగారు ఆ బావిని పూడ్పించారట. ఆ తర్వాత వరదలు ఒండ్రు తెచ్చి కప్పేశాయి. అది సరిగ్గా ఎక్కడుండేదో ఆయనకే గుర్తు లేదు.

మర్నాడు గునపం పట్టుకుని మాతో లంకకు వచ్చారు. నా పటం ప్రకారం అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి నేలలో గుచ్చారు. గునపం ఆయన పిడికిలి దాకా దిగిపోయింది.

"కొబ్బరి పీచు డొక్కలేసి పూడ్చారండి. లోపల కుళ్లిపోయుంటాయి" అన్నారు. నాకు ఆడపిల్లల ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఇంటికి తీసుకెళ్లి పాత ఫొటోలన్నీ ముందు పెట్టారు. వాళ్ల నాన్నగారు, బాబాయి, తోట కాసిన మనిషి. ఒక్కో ఫొటో దగ్గర ఆగి నా ముఖంలోకి చూశారు. అవును, ఈయనే అని చెప్పేస్తే ఆయనకీ నాకూ కూడా ఊరటగా ఉండేది. కానీ వాళ్లెవరూ కాదు. ఎవరి పోలికా లేదు.

క్యాంపు అక్కడే పెట్టాం, తూర్పు పక్క. బావి చోట చుట్టూ వెదురు కర్రలు పాతి తాళ్లు కట్టించాం. పిల్లలు ఆడుకున్నారు, పాడుకున్నారు. ఏమీ జరగలేదు. ఎప్పుడో చిన్నప్పుడు ఈ బావి సంగతి ఎవరి నోటో విన్నానేమో అని కూడా ఆలోచించాను. కానీ ఆ లంక ఒకటుందనే నాకు ఆ ఏడాది దాకా తెలియదు.

చివరి రోజు సామాన్లు సర్దుతుంటే సుజాత నా దగ్గరికి వచ్చింది.

"టీచర్ గారూ, ఒకటి అడుగుతానండి, ఏమీ అనుకోకండి. ఆ రోజు మెట్టు మీద కూర్చుని మీరు పకపకా నవ్వారు. నేను టేపు వదిలేసి మీ వంక చూశాను. ఎందుకు నవ్వారండి?"

ఆయన అన్న ప్రతి మాటా నాకు గుర్తుంది. ఇప్పటికి ఎన్నిసార్లు వరసగా తలుచుకున్నానో లెక్కలేదు. అందులో నవ్వవలసిన మాట ఒక్కటీ లేదు.