క్లోరిన్‌కు ముప్ఫై ఆరట

ఈ రోజు కాలేజీలో వచ్చిన కోపం అన్నం తిన్నాక కూడా తగ్గలేదు.

నేను కెమిస్ట్రీ చెప్పే పి.యు.సి. క్లాసులో సరోజిని అని చీరాల నేతవారి అమ్మాయి ఉంది. పరీక్ష తప్పితే చదువు మాన్పిస్తానని వాళ్ల నాన్న ముందే చెప్పాడు. నాకు జ్వరం వస్తే నేను దిద్దాల్సిన పేపర్లు లెక్కల లెక్చరరు గారు దిద్దారు. క్లోరిన్ సగటు పరమాణు భారం 35.5 అని సరోజిని రాస్తే, కొట్టేసి సున్నా వేశారు. దాంతో పిల్ల తప్పింది. ఏడుస్తూ నా దగ్గరకు వచ్చింది. ఆ పేపరు పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లాను.

“క్లోరిన్ ఐసోటోపులు రెండు, భారాలు ముప్ఫై అయిదు, ముప్ఫై ఏడు. సగటు ముప్ఫై ఆరే గదమ్మా” అన్నారాయన.

“రెండూ సమానంగా ఉంటే అంతేనండి. కానీ నాలుగు పరమాణువుల్లో మూడింటి భారం ముప్ఫై అయిదే. మూడు బస్తాల రంగు పోయిన తాలు మిరపకాయల్లో ఒక బస్తా మంచికాయ పోసి, సగం మంచి సరుకే అంటే ఎవరైనా ఒప్పుకుంటారాండి?”

ఆయన కాగితం మీద లెక్క కట్టుకున్నారు. 35.5 వచ్చింది.

“నిజమేనమ్మా. కానీ ఇప్పుడు మార్కులు మారిస్తే పిల్లల ముందు నా పరువేం కావాలి?”

తెలియక వేసిన సున్నాను క్షమించవచ్చు. తెలిశాక కూడా ఉంచుతానంటే ఒళ్లు మండదా? నేరుగా క్లాసుకు వెళ్లి, బోర్డు మీద లెక్క చేసి, సరోజిని జవాబే సరైనదని చెప్పాను.

సంగతి తెలిసి సాయంత్రం ప్రిన్సిపాల్ గారు సరోజినికి మార్కులు వేయించారు. ఆ తరవాత నాతో, “పెద్దాయనకు క్షమాపణ చెప్పమ్మా” అన్నారు. చెప్పనన్నాను. ఆ పిల్లకు ఎవరు క్షమాపణ చెప్పాలో ఒక్కరూ అడగలేదు. ఎందుకో మీకేమైనా తోస్తే చెప్పండి.