కారు ఆట కోసం విప్పిన పెట్టె

మా అక్క ఫోన్ చేస్తే ముందు బావ ఎలా ఉన్నాడో చెబుతుంది. తక్కిన మాటలన్నీ ఆ తర్వాతే. బావకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పినప్పటి నుంచి ఇదే వరస. అందుకే ఆ రోజు ఆమె నేరుగా కంప్యూటర్ సంగతి ఎత్తుకునేసరికి ఏదో దాస్తున్నదేమోననుకున్నాను. దాచింది ఏమీ లేదు. బావకు కారు ఆట కావాలట. తను అడగడానికి మొహమాటపడి ఆమె చేత అడిగిస్తున్నాడు.

వాళ్ళు తిరుత్తణిలో, నేత మగ్గాలున్న వీధిలో ఉంటారు. నేను తిరువళ్ళూరులో ఉంటాను. చెన్నైలో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో చాలా ఏళ్ళు పనిచేసి, రిటైరై ఇంటిపట్టున ఉన్నాను. కంప్యూటర్ మీద పేజీలు పెట్టినవాణ్ణి కదా అని, దాని లోపలి సంగతులన్నీ నాకు తెలుసని మావాళ్ళ నమ్మకం. తెలిసింది కొంతే. తెలియనిది ఎంతో తెలియకపోవడం వల్లే మొదట్లో ధైర్యంగా సరేనన్నాను.

ఆట కోరిక ఎలా పుట్టిందంటే, చేతికి వ్యాయామం చేయించే ఆమె రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే బావ వేళ్ళు కదిలేవి కావు. ఎదురింటివాళ్ళ ఫోన్లో కారు పందెం ఆట పెట్టి చేతికిస్తే మాత్రం, కారు గోడకు కొట్టుకోబోతున్నదనే కంగారులో చూపుడు వేలు దానంతటదే కదిలింది. డాక్టరు కూడా ఆడనివ్వమన్నాడు, కుడిచేత్తోనే ఆడాలన్నాడు. ఫోన్ తెర చిన్నది. బావ కళ్ళు అంత చిన్నవాటి మీద ఎక్కువసేపు నిలవవు. ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. కొత్తది కొనే స్తోమత లేదు. ఉన్నదానికే నాలుగు ముక్కలు మార్చి ఆట ఆడేట్టు చెయ్యాలి.

అయితే అది మామూలు పాత కంప్యూటర్ కాదు. బావ చీరల అంచులకు, కొంగులకు డిజైన్లు వేసేవాడు. చుట్టుపక్కల మగ్గాలవాళ్ళు ఆయన వేసిన గ్రాఫు ప్రకారమే, మగ్గం మీద డిజైను ఎత్తే జకార్డుకు చిల్లుల అట్టలు కొట్టించుకునేవారు. మొదట గ్రాఫు కాగితాల మీద గడి గడికీ రంగు నింపి వేసేవాడు. కంప్యూటర్ వచ్చాక పాతవన్నీ ఓపికగా అందులోకి ఎక్కించాడు, కొత్తవి అందులోనే వేశాడు. కాగితాలకు చెదలు పట్టాయి. ఇప్పుడు ఆయన బతుకంతా చేసిన పని ఆ పెట్టెలోని ఒక్క డిస్కులో ఉంది. మళ్ళీ వేద్దామంటే ఆ చెయ్యి లేదు.

అందుకని పెట్టె విప్పకముందే డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుందామని కూర్చున్నాను. కొంతసేపు బాగానే నడిచింది. ఉన్నట్టుండి లోపల టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. గోరుతో రేకు మీద కొట్టినట్టు, ఆగి ఆగి. కాపీ అవుతున్న గీత నిలిచిపోయింది. తెర బిగుసుకుపోయింది. కాసేపు చూసి ఆపేశాను. పెన్‌డ్రైవ్‌లోకి వచ్చినవి చూస్తే ఒక్కటీ సరిగ్గా తెరుచుకోలేదు.

బావ మంచం మీద నుంచి అంతా చూస్తున్నాడు. ఆయనది చప్పుడు పట్టే చెవి. మగ్గంలో ఏ పోగు తెగిందో చప్పుడును బట్టి చెప్పేవాడు.

"అది బాగలేదు కదా," అన్నాడు.

పాతబడితే అలాగే అంటుందని ఏదో సర్దబోయాను. బావ వినిపించుకోలేదు. నాలుక ఇంకా కొంచెం తడబడుతుంది ఆయనకు. మాటలు ఏరుకుని అన్నాడు.

"చెయ్యి పోయింది, సరి, పోనీ అనుకుంటిని. అదీ పోతే నేను ఏం చేసినానని చెప్పుకునేది రా? చూపించేదానికి ఒకటన్నా ఉండద్దా?"

ఆ రాత్రి ఇంటికొచ్చినా ఆ టిక్కు టిక్కు నా చెవిలోనే ఉంది. గోడ గడియారం బ్యాటరీ తీసి పక్కన పెట్టాను.

మర్నాడు తిరువళ్ళూరు బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కొట్టుకు వెళ్ళాను. కొట్టతను విషయం విని, ఆ డిస్కును ఇక ఊరికే తిప్పవద్దన్నాడు. ముందు ఎస్‌ఎస్‌డి అనే కొత్త రకం డిస్కు వేసి, కంప్యూటర్ దానితో నడిచేట్టు చేసుకుని, చివర్లో పాత డిస్కు తగిలించి, అది బతికున్నంతసేపట్లో డిజైన్లు లాగేసుకోమన్నాడు. అది మళ్ళీ ఎన్నిసార్లు లేస్తుందో చెప్పలేమని, ఒక్కసారే అనుకుని కూర్చోమని చెప్పాడు. పెద్ద ఊళ్ళో చెడిన డిస్కుల నుంచి వివరాలు తీసేవాళ్ళున్నారు గానీ వాళ్ళడిగేది మా వల్ల కాదు.

ఎస్‌ఎస్‌డి ఒక్కటే కొత్తది కొన్నాను. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు వాడినవే తీసుకున్నాను. కార్డు కూడా చిన్నది. పాత పవర్ సప్లై పెద్దదాన్ని మోయలేదు. దీనికి వేరే కరెంటు తీగ అక్కర్లేదు. ఇప్పటి కొత్త ఆటలు దాని మీద నడవవు. కొన్నేళ్ళ కిందటి కారు ఆట నడుస్తుంది. బావకు అది చాలు. రైల్లో ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అరక్కోణంలో జనం ఎక్కి మీద పడుతుంటే సంచీని పొట్టకు అదుముకున్నాను. నా భయం మాత్రం సంచీలో ఉన్నవాటి గురించి కాదు, తిరుత్తణిలో ఉన్నదాని గురించి.

పెట్టె పక్క రేకు తీసేసరికి లోపలంతా నూలు నూగు. మగ్గాల ఇళ్ళలో గాలిలో తేలేదే అది. ఫ్యాను రెక్కల చుట్టూ పేరుకుని మెత్తగా కంబళిలా ఉంది. బ్రష్షుతో దులిపాను. పాత డిస్కును జాగ్రత్తగా విప్పి, ఉతికిన తువాలు మడతపెట్టి బల్ల మీద వేసి, దానిపై పెట్టాను. దాన్నెవరూ ముట్టుకోవద్దని చెప్పాను. అక్క అన్నానికి లేవమంది. తిని వచ్చాక ర్యామ్ బిగించాను, కార్డు బిగించాను, ఎస్‌ఎస్‌డి తగిలించాను. విండోస్ ఎక్కింది. కారు ఆట కూడా ఎక్కించి చూశాను. రోడ్డు, కొండలు, ఎర్ర కారు. బావ ఇటు చూడలేదు. ఆయన చూపు తువాలు మీదే ఉంది.

కంప్యూటర్ ఆపి పాత డిస్కు తగిలించాను. బటన్ నొక్కాను.

టిక్కు శబ్దం లేదు. మొదట అది మంచిదే అనుకున్నాను. తెర వచ్చింది. వెతికాను. ఎస్‌ఎస్‌డి ఒక్కటే కనబడుతోంది. పాతది లేదు. డిస్కు మీద చెయ్యి వేసి చూశాను. తిరగడం లేదు. చల్లగా ఉంది.

వెంటనే ఆపేశాను. పక్కింటి పవర్‌లూము దడదడమని ఆడుతూనే ఉంది. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన అలా తిరగడానికి ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి పక్కకు వేసుకోవాలి. ఆ పని మెల్లగా చేసుకున్నాడు.

వంటింటి గుమ్మంలోంచి అక్క అడిగింది.

"ఒరే, దానికి తడి తగిల్తే ఏమన్నా అవుతాదా?"

ఏం తడి అని అడిగాను.

"బొట్టు పెట్టినా. పసుపు కొంచెం, దానిమీద కుంకుమ. మీరిద్దరూ అన్నానికి చేతులు కడుక్కునేదానికి పోయినప్పుడు."

డిస్కు మీద బొట్టేమీ కనబడలేదే అన్నాను. యాడ పెట్టినావని గోడవైపు నుంచే బావ అడిగాడు. అక్క దగ్గరకొచ్చి, తాకకుండా వేలితో చూపించింది. తీగ పీకి చూశాను. అది దూరే చోట, బంగారు రంగు గీతలున్న చిన్న పలక. సరిగ్గా దాని మీద.

ఆ వీధిలో మగ్గానికి పూజ చేసే పద్ధతి అది. కొత్త పడుగు ఎక్కించినా, మగ్గం బాగుచేసి మళ్ళీ నడిపినా, బొట్టు అందంగా కనబడే చోట పెట్టరు. పనిచేసే చోట పెడతారు. పోగును అటూ ఇటూ మోసే నాడెకైతే మొన మీద. దువ్వెనలాంటి పన్నెకైతే పోగులు దూరే అంచున. విప్పిన పనిముట్టు మళ్ళీ మగ్గంలోకి వెళ్ళేముందు బొట్టు లేకుండా వెళ్ళకూడదు. మేము పుట్టిన ఇల్లు, అక్క మెట్టిన ఇల్లు రెండూ మగ్గాల ఇళ్ళే. డిస్కులో ఏ భాగం లోపలికి దూరి పనిచేస్తుందో చూసుకుని మరీ పెట్టింది. నేను చూస్తే నవ్వుతానని చెప్పలేదట.

నవ్వు రాలేదు. కోపమూ రాలేదు. ఆ బంగారు గీతల మీద పచ్చగా అంటుకుని ఉంది. ఆరిన పసుపు అడ్డుపడి ఊరుకుని ఉంటే సరే. తడి మిగిలి, కరెంటు పారగానే లోపల ఏదైనా కాలిపోయి ఉంటే?

"బొట్టు పెట్టుకోనీలే పాపం," అన్నాడు బావ. "మొగుడి చేతికి పెట్టి పనిలోకి పంపే భాగ్యం ఎట్లా లేదు. డిస్కుకైనా పెట్టుకునింది."

అక్క ఏడుస్తూనే ఆయన్ని తిట్టింది.

అక్కకు షుగర్ ఉంది. వేలు గుచ్చి చూసుకునేముందు తుడుచుకునే స్పిరిట్ దూది ఇంట్లో ఉంటుంది. ఆ దూదితో ఒక్కో గీతనూ తుడిచాను. పత్రికలో పేజీ వెళ్ళే చివరి నిమిషంలో కూడా ఒక్కో అక్షరాన్ని ఇంత పట్టి చూసినవాణ్ణి కాదు. మూల ఇరుక్కున్న పసుపును అగ్గిపుల్ల కొనకు దూది చుట్టి తీశాను. తీగ కొనను కూడా తుడిచాను. ఫ్యాను కింద పెట్టి ఆరనిచ్చాము. ఆరిందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఇంకాసేపు, ఇంకాసేపు అంటూ కూర్చున్నాను. బటన్ నొక్కనంతవరకు అది చచ్చిందని ఎవరూ అనలేరు కదా.

చివరికి బావే అన్నాడు, కరెంటు ఉన్నప్పుడే చూడమని. అప్పటిదాకా నాకా సంగతి తట్టలేదు. కరెంటు పోతే కంప్యూటర్‌ను కాసేపు నిలిపే యూపీఎస్ ఆ ఇంట్లో లేదు.

బటన్ నొక్కాను. డిస్కు తిరగడం మొదలుపెట్టింది. టిక్కు. ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుందని ముందురోజు ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు. తెర మీద పాత డిస్కు కనబడింది. డిజైన్ల ఫోల్డరు పట్టుకుని ఎస్‌ఎస్‌డిలోకి వదిలాను. పచ్చ గీత కదిలింది.

టిక్కు వచ్చినప్పుడల్లా గీత ఆగేది. మేమూ ఊపిరి ఆపేవాళ్ళం. మళ్ళీ కదిలేది. బావ లేచి మంచం పట్టెకు ఆనుకుని కూర్చున్నాడు. గీత సగం దాటాక పక్కింటి పవర్‌లూము ఠక్కున ఆగిపోయింది.

ఆ వీధిలో దాని చప్పుడు ఆగితే కరెంటు పోయినట్టు లెక్క. ముగ్గురం ఒక్కసారే తల పైకెత్తి ఫ్యాను వంక చూశాం. తిరుగుతోంది. పక్కింట్లో ఎవరో టీ వచ్చిందని కేక వేశారు. అక్క నేల మీద కూలబడింది.

గీత నిండింది. నిండాక కూడా నాకు నమ్మకం లేదు. పెన్‌డ్రైవ్‌లోకి వచ్చినవి తెరుచుకోకపోవడం చూసినవాణ్ణి. ఒకటి తెరిచి చూద్దాం, ఏది తెరవమంటావని బావను అడిగాను. ఆయన తనను కంప్యూటర్ ముందు కుర్చీలోకి తెమ్మన్నాడు. కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి మౌస్ మీద పెట్టుకున్నాడు. పెరాలిసిస్ రాకముందు చివరగా వేసిన కొంగు డిజైన్ మీదికి బాణాన్ని అతి కష్టం మీద తెచ్చాడు. రెండుసార్లు నొక్కాలి. ఆయన వేలు రెండోసారి దిగేసరికి ఆలస్యమైపోతోంది. నేను చెయ్యి సాచాను. ఎడమచేత్తో నా చెయ్యి పక్కకు తోశాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. నాలో ఒక పిరికి ఆలోచన, అది తెరుచుకోకుండా ఇలాగే ఉంటే బాగుండునని.

తెరుచుకుంది. గడి గడీ రంగుతో కొంగంతా తెర మీద పరుచుకుంది. బావ దాని అందం చూడలేదు. ముఖం దగ్గరగా పెట్టి అంచు వెంబడి గళ్ళు లెక్కపెడుతున్నట్టు పైనుంచి కిందికి చూసుకుంటూ పోయాడు. అడుగుదాకా వెళ్ళాక వెనక్కి వాలాడు.

"ఉండాది," అన్నాడు.

తక్కినవి నేను తెరిచాను. అన్నీ వచ్చాయి. ఇంకో నకలు పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, చొక్కా జేబులో పెట్టుకుని సాయంత్రం బండి ఎక్కాను. జేబు మీద చెయ్యి తియ్యలేదు. అరక్కోణం రాకముందే ఫోన్ మోగింది. అక్క నంబరు చూసి మళ్ళీ ఏమైందోననుకున్నాను. ఎత్తితే బావ గొంతు.

"ఒరే, బ్రేకు యాడుంది రా ఈ కారుకు?"

బాణాల పక్కనున్న కంట్రోల్ మీట అని, కుడిచేతి బొటనవేలికి అందుతుందని చెప్పాను. అవతల కాసేపు మీటలు టకటకలాడాయి.

"బొటనవేలు ఇంకా రాలేదప్పా," అన్నాడు. "పరవాల్లే. బ్రేకు లేకుండానే తోల్తా."