చాంపల్ ఆయీ పూచీ

వాఘేరా కోటలో చాంపల్ ఆయీ చేత తిట్లు తినని మనిషి లేడు. ఉప్పు దగ్గర బేరమాడితే తిట్టేది. ఎద్దుకు నీళ్ళు పెట్టకముందే మనిషి తాగితే తిట్టేది. భర్త పోయాక ఎద్దుల మందను తనే తోలింది. మైదానంలో ఉప్పు కొని, కొండ ఎక్కించి అమ్మేది. ఆమె చారణ కులస్థురాలు కాబట్టి ఆ ఎద్దుల జోలికి దొంగలు కూడా వచ్చేవారు కారు. చారణులు ఒక మాటకు పూచీ పడ్డాక ఎవడైనా ఆ మాట తప్పితే, వాడి గుమ్మంలో కూర్చుని ప్రాణం విడుస్తారు. ఆ పాపానికి రాజులు కూడా జడిసేవారు.

ఆ ఏడు పాట్‌వాడ్ రాజు సేనతో కొండ చుట్టూ దిగాడు. హోళీ వెళ్ళింది, వానలు వెళ్ళాయి. కోట లొంగలేదు. కోటను ఏలే రావు వీకమ్‌సీ బురుజు మీదే పడుకునేవాడు. బంట్లతో కలిసి సజ్జరొట్టె తినేవాడు. అతను నడిచిన చోట ఆడవాళ్ళు మట్టి తీసి కళ్ళకద్దుకునేవారు. చాంపల్ మాత్రం, "చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచిన చెయ్యి ఇదే" అని కుడిచెయ్యి చూపించేది. గర్వంగానే.

తూర్పు వాలు మీద పెద్ద పోరు జరిగింది. ఇరువైపుల శవాలూ అక్కడే పడి ఉన్నాయి. గాలి మళ్ళితే కోటలో ఎవరికీ ముద్ద దిగేది కాదు. చివరికి రెండు పక్షాలూ ఒక మాట అనుకున్నాయి. ఎవరి శవాలను వాళ్ళు కాల్చుకోవాలి. చితులు చల్లారి ఎముకలు ఏరుకునేదాకా ఎవరూ ఆయుధం ఎత్తకూడదు. పూచీకి రావే చాంపల్‌ను పంపాడు.

ఆమె తన కటారును రెండు పక్షాల మధ్య బండ మీద పెట్టింది.

"కత్తి దూసినవాడి గుమ్మంలో నా శవం లేస్తుంది. విన్నారా?" అంది. తర్వాత పాట్‌వాడ్ సేనాపతి వైపు తిరిగి, "నీ ఎద్దుల గిట్టలు పుచ్చిపోతున్నాయి. ఉప్పునీళ్ళతో కడిగించు. రాజ్యాలు కావాలిట, గొడ్డును చూసుకోవడం రాదు" అంది. ఆ మాటకు శత్రువులు కూడా నవ్వారు.

ఎముకలు ఏరే రోజు ఆమె ఇంట్లో గోనె కుట్టుకుంటోంది. నగారా మోగింది. కొడుకు మాండణ్ దోసిలి నిండా గోధుమరవ్వతో వండిన బెల్లం లాప్సీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, గెలిచాం! పాట్‌వాడ్ వాళ్ళు డేరాలు వదిలి పారిపోతున్నారు. సేనాపతి కూడా చచ్చాడు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. రావు స్వయంగా దిగాడు. తూర్పు వాలు మీద..." మాండణ్ ఆగాడు.

"వాళ్ళ చేతుల్లో ఏమున్నాయి?"

"కుండలు."

"కత్తులు?"

"కుండలేనమ్మా. ఎముకల కుండలు."

వేళ్ళ సందుల్లోంచి నెయ్యి కారుతోంది. తన చేతుల్లో ఉన్నదేమిటో తెలియనట్టు మాండణ్ దాని వైపు చూశాడు. చాంపల్ సూదిని గోనెకు గుచ్చి లేచింది.

రాజమందిరం గుమ్మంలో కూర్చుంది. ద్వారపాలకుడు నాథూ మంచి హుషారులో ఉన్నాడు.

"ఏం ఆయీ, ఇవాళ ఉప్పు ఇక్కడ అమ్ముతావా?"

"లోపల పొయ్యి ఆర్పమను, నాథూ."

నాథూ నవ్వబోయి ఆగిపోయాడు. గుమ్మంలో చారణి పస్తుంటే ఆ ఇంట ఎవరూ ఎంగిలి పడకూడదు. ముట్టడి మొదలైనప్పటి నుంచీ కోటంతా రావు కొట్టులోని గింజలే తింటోంది. అంటే కోటంతా ఆ ఇల్లే.

విందు గంగాళాలు ఉన్నచోటే చల్లారిపోయాయి. గెలిచిన కోట పస్తు పడుకుంది. మర్నాడు నేతగత్తె రూపా చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చి ఏడ్చింది.

"ఇన్నాళ్ళూ గంజితో బతికాం. శత్రువు పోయాక ఆకలితో చంపుతావా, ఆయీ?"

"నన్నెందుకు అడుగుతావే? లోపలివాణ్ణి అడుగు."

ఆ సాయంత్రం రావు బయటికి వచ్చి, అందరి ముందూ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"వీకా, నీ తమ్ముణ్ణి చంపారు వాళ్ళు. ఆ చితి చూసి నీకు ఒళ్ళు తెలియలేదు. నాకు తెలుసు" అంది చాంపల్. గొంతు అప్పటికే ఎండిపోయింది. "కిందికి వెళ్ళు. ఆ కుండలు వాళ్ళవాళ్ళకు నీ చేత్తో అప్పగించి, తప్పయిందను. నేను లేస్తాను. లాప్సీ కూడా తింటాను."

రావు కొట్టు తలుపు వైపు చెయ్యి చూపాడు.

"కొట్లో గింజలు అయిపోవచ్చాయి, ఆయీ. ఇంకో పక్షం ఆగితే కోట పడేది, ఆడవాళ్ళంతా అగ్నిలో దూకాల్సి వచ్చేది. నీ కోడలూ దూకేది."

"ఆ మాట నన్ను పంపేముందు చెప్పాల్సింది."

"చెబితే బండ మీద కటారు పెట్టేదానివా?"

"పెట్టేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు. నువ్వు పూచీ పడకపోతే వాళ్ళు కత్తులు దించేవాళ్ళు కాదు."

రూపా బిడ్డ నోరు మూసింది, బిడ్డ ఏడవకపోయినా. చాంపల్ అతని ముఖంలోకి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఏదో అనబోయింది. పెదవులు కదిలాయి కానీ తిట్టు రాలేదు. మెల్లగా గోడ వైపు తిరిగి కూర్చుంది.

తర్వాత మంత్రి వచ్చి ఊరు రాసిస్తామన్నాడు. రాణి నీళ్ళ చెంబుతో వచ్చి కాళ్ళు పట్టుకుంది. ఆమె మళ్ళీ ఏదీ అడగలేదు. మాండణ్ పక్కన కూర్చుని, "అమ్మా, ఒక్క గుక్క" అని బతిమాలుతూనే ఉన్నాడు. ఒకనాటి తెల్లవారుజామున ఆమె తల గోడకు ఒరిగింది.

చారణి పస్తుతో పోయిన చోట నీళ్ళు ముట్టకూడదు. ఎవరూ చాటింపు వెయ్యనక్కరలేకపోయింది. మాండణ్ తల్లిని ఎద్దుబండి మీద పడుకోబెట్టి కొండ దిగసాగాడు. వెనక రూపా బిడ్డతో నడిచింది. ఆమె వెనక కుమ్మరులు, సాలెవాళ్ళు, ఆ తర్వాత బురుజుల మీది బంట్లు.

నాథూ ఈటెను గోడకు ఆనించి తలపాగా సర్దుకున్నాడు.

"తలుపు వదిలి ఎక్కడికిరా?" అని రావు పైనుంచి కేకేశాడు.

"దాహంగా ఉంది, దొరా. కిందికి వెళ్ళి నీళ్ళు తాగుతాను" అన్నాడు నాథూ.